రంగు మారని ఫ్లాస్కు

"నోటితో సంపీసినాను బాబూ మా తమ్ముణ్ణి. అవునో కాదో సెప్పు. మరింకేటీ అడగను నిన్ను."

బుధవారం పొద్దున్నే దేముడమ్మ మా గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట ఇది. యారాడ నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకొచ్చి కంచరపాలెం వీధులన్నీ తిరిగే మనిషి ఆమె. మా ఇంట్లో చేపలు వండరు కాబట్టి ఇన్నేళ్లలో మా గుమ్మం దగ్గర ఆగింది మంచినీళ్ల కోసమే. ఇవాళ తట్ట లేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కొంగు మెలిపెడుతూ నిలబడింది.

నేను డిటెక్టివునని వీధిలో అందరికీ తెలుసు. సగం మందికి అదొక వేళాకోళం. పోర్టులో కాపలా ఆఫీసరు ఉద్యోగం వదిలేసి 'భీమశంకరరావు, అపరాధ పరిశోధకుడు' అని నేను తగిలించిన బోర్డు మీద కాకులు తప్ప కేసులు వాలవని మా ఆవిడ కాంతమే అంటుంది. ఆ పొద్దున్న మాత్రం కాంతం లోపలికి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

దేముడమ్మ తమ్ముడు అప్పలసూరి. అమ్మా నాన్నా పోయాక ఈమే పెంచింది. యారాడ నుంచి పడవెక్కి వచ్చి, ఎమ్మెస్సీ దాకా చదివి, ఔటర్ హార్బర్ దారిలో ఉన్న సాగర రసాయన పరిశోధనాలయంలో రెండేళ్లుగా రిసెర్చి చేస్తున్నాడు. సోమవారం పొద్దున్న ఆ లాబ్‌లోనే నేల మీద చచ్చిపడి ఉన్నాడు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పీల్చి చనిపోయాడని డాక్టరు రాశాడు. తనే కావాలని పీల్చాడని పోలీసులు తేల్చారు.

"ఏమన్నావు వాణ్ణి?" అని అడిగాను.

"ఉక్కు ఫేక్టరీలో ఉజ్జోగానికి రమ్మని కాయితం వొచ్చినాది బాబూ. మా పేటలో ఎవులికీ రానేదు అలాటి ఉజ్జోగం. ఈడేమో ఎల్లనన్నాడు. 'సేత్తన్న పని మజ్జిలో ఒగ్గీసి ఎల్లనప్పా' అన్నాడు. నాకు ఒల్లు మండిపోనాది. 'అయితే ఆ గాజుబుడ్ల మజ్జినే సావు' అనీసినాను. కూడు తినకుండా ఎల్లిపోనాడు. ఆదారం మద్దేనం. అదే ఆకరు."

ఆమె కళ్లలో చుక్క నీరు లేదు. అది చూసే నాకు ఎక్కువ భయం వేసింది.

"నాలుగింటికి వొచ్చి కాయితం మీద ఏలిముద్ర ఎయ్యమన్నాడు ఇనస్పెట్రు బాబు. తనకి తానే పోనాడని నాను ఒప్పుకున్నట్టు. ఎయ్యడానికి నాకేటి అడ్డం? నా మాట తగిలే పోనాడు గదా. అయినా ఒక్కపాలి ఎవుల్నైనా అడగాలనిపించింది."

మన ఇళ్లల్లో తిట్టని తల్లి ఉందా? చావరాదా అని తిట్టిన నోటితోనే పిలిచి అన్నం పెడతారు. ఆ మాటకి చచ్చినవాడు ఇంతవరకూ లేడు. ఇక్కడ తిట్టిన పూటే కుర్రాడు పోయాడు, కంచం ముందుకి మళ్లీ పిలిచే అవకాశం ఈమెకి దక్కలేదు. అదే మాట ఇక జన్మంతా ఈమె చెవిలో మోగుతూ ఉంటుంది. 

"నాలుగింటికి నేనూ అక్కడే ఉంటాను. నేను వచ్చేదాకా వేలిముద్ర వెయ్యకు" అన్నాను.

పరిశోధనాలయం వెనక వైపు చిన్న గది. అందులోనే సూరి పనిచేసేవాడు, అందులోనే పోయాడు. తలుపుకి సీలు వేసి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు ఇన్‌స్పెక్టర్ చలమయ్య. పోర్టులో ఉన్న రోజుల నుంచీ మాకు పడదు. నేను పట్టుకున్న గోడౌన్ దొంగని తను పట్టుకున్నట్టు పేపర్లో వేయించుకున్న మహానుభావుడు.

"రండి రావుగారూ, రండి. చేపలామె మీ దగ్గరికి వచ్చిందన్నమాట" అన్నాడు లేవకుండానే. "చూడండి, అడ్డం లేదు. మీరు చూసి ఏమీ దొరకలేదని చెబితే ఆ మనిషి మనసు కూడా కుదుటపడుతుంది."

సీలు తీయించాడు. నేను గుమ్మంలోనే ఆగి గదంతా ఒకసారి చూశాను. సముద్రం వైపు ఒక కిటికీ, కొండ వైపు ఒక కిటికీ, రెండూ మూసి ఉన్నాయి. మధ్యలో బల్ల. బల్ల మీద స్టాండుకి బిగించిన గుండ్రటి గాజు ఫ్లాస్కు, దాని మీద నీటి గొట్టం, కింద వేడి చేసే గిన్నెలాంటి హీటరు. హీటరు తీగ ఒక నల్లటి పెట్టెలోకి, పెట్టె తీగ గోడ స్విచ్చిలోకి వెళ్తున్నాయి. స్విచ్చి వేసే ఉంది. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. బల్లకాలి పక్కన సిమెంటు నేల మీద తుప్పు రంగులో అరచెయ్యంత మరక. సూరి పడి ఉన్నది అక్కడే.

"మీరు కనిపెట్టినది ముందు వింటాను" అన్నాను.

చలమయ్యకి కావలసింది అదే. "కుర్రాడు ఇంట్లో గొడవపడి వచ్చాడు. అక్క చావమంది. ఆమె నోటితో ఆమే చెప్పింది. ఇక్కడికొచ్చి కిటికీలు రెండూ మూశాడు. ఈ ఫ్లాస్కులో ఏదో ఇనుము మందు పోసి వేడి పెట్టాడు. వేడి పెడితే అందులోంచి విషవాయువు వస్తుందట, ఇక్కడి డైరెక్టరుగారే చెప్పారు. శవం కుడి అరచేతికి ఆ మందు మరక ఉంది. అంటే తన చేత్తో తనే కలుపుకున్నాడు. చచ్చిపోయింది ఆదివారం రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య అని డాక్టరు రాసిచ్చాడు. ఇంకేం కావాలి?"

"ఈ గదిలో ఎవరైనా ఏదైనా ముట్టుకున్నారా?"

"నా కేసులో ఎవడు ముట్టుకుంటాడండీ? సోమవారం పొద్దున్న వాచ్‌మన్ చూసి గుమ్మంలోంచే కేకలు పెట్టాడు. శవాన్ని తీసిందీ నా ముందే, సీలు వేసిందీ నా ముందే. పూచికపుల్ల కదల్లేదు."

"ఆ మాట గుర్తుపెట్టుకోండి" అన్నాను.

ఫ్లాస్కులో ఏముందో చెప్పడానికి భ్రమరాంబ అనే అమ్మాయిని పిలిపించారు. బందరు వైపు పిల్ల. సూరితోపాటే ఇక్కడ రిసెర్చి చేస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. సూరి తనని అక్కా అని పిలిచేవాడట.

"అమ్మా, నాకు కెమిస్ట్రీ రాదు. ఇన్‌స్పెక్టరుగారికీ రాదు, కాకపోతే ఆయన ఒప్పుకోరు. మాకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది. "మూడు ఇనుము పరమాణువులు గుత్తిగా ఉంటాయండీ. క్లస్టర్ అంటాం. వాటికి పన్నెండు కార్బన్ మోనాక్సైడ్‌లు అతుక్కుని ఉంటాయి. దాన్ని ద్రావణంలో వేస్తే చిక్కటి ఆకుపచ్చ రంగు. దానికి ఆల్కైన్ కలిపి వేడి చేస్తాం. ఆల్కైన్ అంటే ఎసిటిలీన్ జాతి పదార్థం, సూరి వాడేది తెల్లటి పలుకుల్లా ఉంటుంది. ఆ ఆల్కైన్ వచ్చి ఇనుము మీద కూర్చోవాలంటే అక్కడున్న మోనాక్సైడ్‌లు కొన్ని లేచిపోవాలి."

"ఎలమంచిలి బస్సులో సీటులాగా."

"అంతేనండీ. లేచిపోయినవి గ్యాసుగా బయటికొస్తాయి. ఆకుపచ్చ పోయి ఊదా రంగు వస్తుంది."

"ఎంత గ్యాసు వస్తుంది?"

భ్రమరాంబ ఫ్లాస్కు వైపు చూసింది. పెదవులు కదుపుతూ లెక్క వేసుకుంది. ఆ లెక్క ఈ మూడు రోజుల్లో తనూ వేసుకోలేదని ముఖం చూస్తేనే తెలిసింది. "ఇందులో ఉన్నది గ్రాము కూడా ఉండదు. పన్నెండుకి పన్నెండూ ఊడిపోయినా రెండు సోడాబుడ్లు నిండవండీ."

"రెండు సోడాబుడ్ల గాలి ఈ గదిలో మనిషిని చంపుతుందా?"

"తలనొప్పి కూడా రాదు" అంది చాలా మెల్లిగా.

చలమయ్య కుర్చీ కిర్రుమంది. నేను అతని వంక చూడకుండా అడిగాను. "ఇప్పుడు ఫ్లాస్కులో రంగేమిటి?"

 కిటికీ తెరిచి వెలుతుర్లో చూస్తే గోరింటాకు ముద్దంత చిక్కగా ఆకుపచ్చ.

"వేడి తగల్లేదండీ దీనికి" అంది భ్రమరాంబ. "తగిలి ఉంటే ఈ రంగు మిగలదు. చల్లగా ఉంటే ఇవి ఒకదాన్నొకటి పట్టించుకోవు."

"వేడి తగలకపోవడమేమిటి? స్విచ్చి వేసి ఉంది, దీపం వెలుగుతోంది!" అని చలమయ్య లేచాడు.

ఆ అమ్మాయి నల్లపెట్టె దగ్గరికి వెళ్లింది. దాని మీద గుండ్రటి మర, మర చుట్టూ అంకెలు. ముల్లు సున్నా దగ్గర ఉంది. "ఇక్కడ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వోల్టేజి ఎగిరిపడుతుందండీ. హీటర్లు మాడిపోతాయి. అందుకని పని అయిపోగానే ముల్లు సున్నాకి తిప్పి వెళ్లడం మా అందరికీ అలవాటు. మొదలుపెట్టేవాళ్లు ముందు ముల్లు తిప్పాలి. స్విచ్చి ఒక్కటీ వేస్తే దీపం వెలుగుతుంది, అంతే."

"అంటే?"

"ఈ గదిలో పనిచేసేవాళ్లెవరూ ఇది మర్చిపోరండీ. సూరి అసలు మర్చిపోడు."

తర్వాత నేను అడక్కుండానే ఆ అమ్మాయి మూలనున్న ఫ్రిజ్ తెరిచి చిన్న ఫ్లాస్కొకటి తీసి చూపించింది. అందులో ఊదా రంగు ద్రావణం. మూత మీద సూరి చేతిరాతలో శుక్రవారం తారీకు. "ఈ చర్య శుక్రవారమే పూర్తి చేశాడండీ. వచ్చిన పదార్థం మళ్లీ మోనాక్సైడ్‌ని వెనక్కి తీసుకుంటుందా, ఆల్కైన్‌ని వదిలేస్తుందా చూడాలన్నాడు. ఆదివారం చేస్తానన్నాడు. పాత పని మళ్లీ మొదలుపెట్టాల్సిన అవసరమే లేదు వాడికి."

"వెనక్కి తీసుకుంటుందా అని చూడాలంటే గ్యాసు కావాలి కదా. ఎక్కణ్ణించి తెస్తాడు?"

భ్రమరాంబ గోడ వైపు చూసింది, మళ్లీ నేల వైపు చూసింది. ఆమె రిసెర్చి కూడా డైరెక్టరు చేతిలోనే ఉంది మరి. గోడకి ఒక ఇనుప గొలుసు వేలాడుతోంది. సిలిండర్లు పడిపోకుండా కట్టే గొలుసు. కింద సిలిండరు లేదు. గొలుసు దగ్గరికి వెళ్లి కళ్లద్దాలు సవరించుకుని చూశాను. లింకులన్నీ తుప్పుతో పొరలు లేచి ఉన్నాయి. మధ్యలో ఆరేడు లింకులు మాత్రం లోపలి వైపు ఒరుసుకుపోయి, వెండిలా తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు మీద ఎరుపు అప్పుడే సన్నగా మొదలవుతోంది.

"ఇన్‌స్పెక్టరుగారూ, మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరం?"

"ఎందుకు?"

"మీ ఇంటి గేటు గొళ్లెం గీసి నాలుగు రోజులు వదిలేయండి. ఎంత ఎర్రబడుతుందో వచ్చి దీంతో పోల్చండి. ఈ గొలుసుకి మొన్న మొన్నటిదాకా బరువైనదేదో ఆనుకుని ఉంది."

చలమయ్య ముఖం గంటుపెట్టుకున్నాడు. "ఎవరిమీదికి తోస్తున్నారో తెలుసు లెండి. కుర్రాడు కాక ఆదివారం ఇక్కడికి వచ్చింది డైరెక్టరుగారొక్కరే. మూడింటికి వచ్చారు, ఐదింటికి వెళ్లారు, వాచ్‌మన్ చెప్పాడు. ఏడు నుంచి పదకొండు దాకా క్లబ్బు డిన్నర్లో ఉన్నారు. నా పక్క టేబులే. కుర్రాడు పోయింది ఎనిమిది తర్వాత. పెద్దమనిషిని బజారుకి ఈడుస్తానంటే నేను ఊరుకోను. గోడౌన్ తాళాలు లెక్కపెట్టుకున్న చేతులు మీవి, వీటి జోలికి రాకండి."

"తాళాలు లెక్కపెట్టాను కాబట్టే ఏది పోయిందో ముందు చూస్తాను" అని అక్కణ్ణించి కదిలాను.

డైరెక్టరు డాక్టర్ అచ్యుతరామయ్య ముందు గదిలో కూర్చుని ఉన్నారు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. ఆయన మీద నాకు కోపం రాలేదు ఆ క్షణాన. మనిషి నాలుగు రోజులుగా నిద్రపోనట్టు కనిపించారు.

"చాలా తెలివైన కుర్రాడండీ. నా చేతిలో పడ్డవాళ్లలో అంతటివాడు లేడు. ఇలా చేసుకుంటాడనుకోలేదు."

"కార్బన్ మోనాక్సైడ్ సిలిండరు ఎక్కడుందండీ?"

"వేసవిలోనే కంపెనీకి తిప్పి పంపించేశాం."

"ఆదివారం మీరు వెనక గదికి వెళ్లారా?"

"లేదు. ఉత్తరాల మీద సంతకాలు పెట్టుకుని వెళ్లిపోయాను. నేను ఆ లాబ్‌లోకి వెళ్లి ఆర్నెల్లయింది. చెయ్యి పెట్టి పని చేసే రోజులు పోయాయి. వచ్చేవారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. గ్రాంటు ఉంచాలా తీసెయ్యాలా చూడటానికి. ఆ కాయితాలతోనే సరిపోతోంది."

ఆయన తలుపు వెనక మేకు ఖాళీగా ఉంది. పైన పేరు రాసిన చెక్క ముక్క. దారిలో అందరి మేకులకీ తెల్ల కోట్లు వేలాడటం చూశాను.

"మీ కోటు లేదే?"

"సోమవారం సోమవారం చాకలి వచ్చి మేకులకి ఉన్నవన్నీ మూట కట్టుకుపోతాడు. శనివారం తెచ్చి తగిలిస్తాడు. మిగతావాళ్లకి రెండేసి ఉన్నాయి, నాకు ఒకటే. వేసుకోనిదానికి రెండెందుకు?" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

ఆర్నెల్లుగా వేసుకోని కోటుని వారం వారం ఎందుకు ఉతుకుతారో ఎవరూ ఆలోచించరు. మేకుకి ఉంటే మూటలోకి వెళ్తుంది, అది అక్కడి ఆచారం. ఆ చాకలి గురువులు. ఉండేది మా కంచరపాలెంలోనే, రైలు పట్టాల అవతల.

నేను వెళ్లేసరికి గురువులు బట్టలు ఆరేస్తున్నాడు. ఒక కోటు మాత్రం విడిగా, మడత పెట్టి అరుగు మీద ఉంచాడు.

"మీకెలా తెల్సింది బాబూ? ఈ కోటు గురించే బెంగగా ఉంది నాకు. డైరెట్రు బాబుది. పతీ వారం మడత నలగకుండా వొచ్చీది, ఊరికే నీలం పెట్టి ఇచ్చీసీవోణ్ణి. మొన్న సోమారం తెచ్చినప్పుడు ఎనకాతల ఆకుపచ్చగా ఏదో ఉంది. నీళ్లల్లో ఎట్టినాను, ఎర్రబారిపోనాది. ఇనప మరక బాబూ. నిమ్మకాయ రాసినాను, పోనేదు. ఏటి సెప్పాలో తెలీక ఆపీసినాను."

కాలరు లోపల చాకలి గుర్తు చూపించాడు. ఎవరి కోటుకి ఎన్ని చుక్కలో వాడికి తెలుసు. ఇది డైరెక్టరుదే. తర్వాత కోటు తిప్పి వెనక అంచు విప్పి చూశాను. చూశాక కోటు జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాను. 

నాలుగింటికి నేను వెళ్లేసరికి డైరెక్టరు గదిలో ముగ్గురూ ఉన్నారు. బల్ల మీద కాయితం, సిరా దిండు. దేముడమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. బొటనవేలికి అప్పటికే సిరా పూశారు. ఆ వేలు ఎక్కడా తగలకుండా దూరంగా పట్టుకుని నావైపు చూసింది.

"వొచ్చినావా బాబూ" అంది.

"ఇంకా ఎందుకండీ సాగదీస్తారు?" అన్నాడు చలమయ్య.

నేను సంచిలోంచి కోటు తీసి, వెనక వైపు పైకి వచ్చేలా ఆ కాయితం మీదే పరిచాను. మోకాళ్ల కిందికి వచ్చే అంచు దగ్గర తుప్పు రంగులో నాలుగు వేళ్లు, సగం అరచెయ్యి. గుడ్డని గుప్పెట్లో పట్టి లాగితే పడే ముద్ర.

 అచ్యుతరామయ్యగారు ఆ కోటు వైపు చూసి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇన్‌స్పెక్టరుగారూ, సూరి అరచేతికి ఉన్న మరక ఇదే" అన్నాను. "మందు కలిపేవాడికి వేలి కొసలకి అంటుతుంది. అరచెయ్యంతా అంటాలంటే నేల మీద ఒలికినదాంట్లో చెయ్యి ఆనాలి. బల్లకాలి దగ్గర మరక మీరూ చూశారు. ఆ మందు ఒలకబోసింది సూరి కాదు. సూరి అప్పటికే కింద పడి ఉన్నాడు. సిలిండరు వాల్వు కారి గదినిండా గ్యాసు పట్టింది. మూడింటికి వీరు వెనక గదిలోకి వెళ్లారు. కిటికీలు తెరిచారు, వాల్వు కట్టారు, సిలిండరు దొర్లించి ఎక్కడో దాచారు. అప్పుడు బల్ల దగ్గర నిలబడి, కాస్త మందు నేల మీద ఒలకబోసుకుంటూ ఫ్లాస్కు బిగించి, స్విచ్చి వేసి, కిటికీలు మళ్లీ మూసి వెళ్లారు. సూరి చేస్తున్న పని ఇంకా పాత మెట్టు మీదే ఉందనుకున్నారు. శిష్యుడు శుక్రవారమే అది దాటిపోయిన సంగతి గురువుగారికి తెలీదు. ముల్లు తిప్పాలన్నదీ తెలీదు. ఆర్నెల్లయింది కదా."

"ఊహలు" అన్నాడు చలమయ్య. గొంతులో పొద్దున్నటి బలం లేదు.

"వీరు ఐదింటికి వెళ్లిపోయారు. సూరి ఎనిమిది తర్వాత పోయాడు. పొద్దున్న మీరు దాన్ని వీరికి అడ్డం పెట్టారు. అసలు నేరం అదేనండీ. కిటికీలు తెరిచాక గాలి తగిలి కుర్రాడికి కాస్త తెలివొచ్చింది. పక్కనే మనిషి కాళ్లు కనిపించాయి. చెయ్యి చాపి కోటు పట్టుకున్నాడు. బయట కారు ఉంది. పెద్దాసుపత్రి ఎంతసేపు?"

అచ్యుతరామయ్యగారు తలుపు వైపు చూస్తూ మాట్లాడారు. "సిలిండరు గదిలో పెట్టకూడదు. బయట షెడ్డులో ఉండాలి. షెడ్డు కట్టించలేదు. వాల్వు కారుతోందని సూరి రెండుసార్లు చెప్పాడు. కమిటీ వెళ్లిపోయాక చూద్దామన్నాను. ఆదివారం చూసేసరికి... చనిపోయాడనుకున్నానండీ. దేవుడి మీద ఒట్టు. ఇక చేసేదేముంది, ఈ సంస్థ అయినా మిగలాలి, ఇంకా ఇరవై మంది పిల్లలున్నారు అనుకున్నాను."

"కోటు లాగినప్పుడు కూడా చనిపోయాడనుకున్నారా?"



"మేకుకి తగులుకుందనుకున్నాను."

"వెనక్కి తిరిగి చూశారా?"

"లేదు."

"ఎందుకని?"

ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. "తిరిగి చూస్తే మేకు కాదని తెలిసిపోయేది" అన్నారు.

చలమయ్య టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మనిషి మీద నాకున్న పాత కోపం ఆ ఒక్క పనితో సగం పోయింది. గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్ని పిలిచి, డైరెక్టరుగారి పక్కన నిలబడమని సైగ చేశాడు.

దేముడమ్మ మా మాటలు ఎంతవరకు అర్థం చేసుకుందో నాకు తెలియలేదు. బల్ల దగ్గరికి వచ్చి కోటు మీదికి వంగింది.

"ఇది మా సూరి సెయ్యా బాబూ?"

"అవునమ్మా."

"సెయ్యి సాపినాడా?"

"చాపాడు."

"ఎందుకు సాపినాడు?"

 చెప్పక తప్పదు. ఆమె పొద్దున్న అడిగింది ఇదొక్కటే.

"బతుకుదామని. లేవదియ్యమని. నీ మాటకి పోలేదమ్మా మీ తమ్ముడు. ఇంటికి వద్దామనే చూశాడు."

ఆమె తల ఊపింది. సిరా వేలు చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది. కోటు అంచు ఎత్తి, ఆ నాలుగు వేళ్ల మీద తన నాలుగు వేళ్లు ఒకటొకటిగా ఆనించింది. ఆలస్యంగానైనా వచ్చి పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది. అలాగే నేల మీదికి జారిపోయి, "ఓలమ్మ, నా గుంటడు బతుకుదారని సూసినాడే" అని పెద్దగా కేక పెట్టింది.

సోమవారం నుంచీ ఆమె తన నోటినే తిట్టుకుంటూ ఉంది. తమ్ముడి కోసం ఏడవడం అప్పుడు మొదలుపెట్టింది.